మొదటి షిఫ్టుకు ఎదురు

పోయినవారం మనం బాలలక్ష్మిని ఖాళీ చాపల ముందు నిలబెట్టి వదిలేశాం. ఆమె వారమంతా అక్కడే నిలబడి ఉందని మీరు బెంగపడకండి, కథలో గడిచింది ఒక్క నిమిషమే.

తాళ్లవాగు బొగ్గుగని దగ్గర ఆడవాళ్ల వయోజన విద్యా కేంద్రం అది. గనిలో మొగుళ్లను పోగొట్టుకున్నవాళ్లకు సర్కారు జొన్నలు, పాలపొడి ఇస్తుంది. తీసుకున్నవాళ్లు బడికొచ్చి అక్షరాలు దిద్దాలి. రానివాళ్లకు జొన్నలు లేవు. గని మగవాళ్లు దానికి ‘జొన్నల బడి’ అని పేరుపెట్టి నవ్వుకుంటారు. మెట్‌పల్లిలో ఏడో తరగతి చదివిన బాలలక్ష్మి, మొగుడు సారయ్యకు గనిలో పని దొరికితే అతని వెంట వచ్చి ఆ బడికి టీచరమ్మ అయింది. అయిన కొన్ని నెలలకు ఒక మంచిపని చేసింది. అంతదాకా సాయంత్రం నడిచే బడిని పొద్దున్నే తెల్లవారేసరికి మార్చింది. పొద్దున పూట బుర్ర చురుగ్గా పనిచేస్తుందని ట్రైనింగులో చెప్పారు మరి. పైగా లాంతర్లకు కిరసనాయిలు వెతుక్కునే బాధ కూడా తప్పుతుంది.

ఆ మంచిపని జరిగిన కొద్దిరోజులకే ఒక్కొక్కరుగా బడి మానేశారు. ఇప్పుడు ఇలాంటి కేంద్రాలను తనిఖీ చేయడానికి చెన్నూరు నుంచి జీపులో వచ్చిన హనుమండ్లు సారు ఆ చాపల వంకా, టీచరమ్మ వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

“ఏమ్మా, జొన్నలు పోతయని తెలిసి గూడ వస్తలేరంటే, వాళ్లకు జొన్నల అక్కర లేదన్నట్టే గదా?” అన్నాడాయన. “అక్కర ఉన్న ఊర్లు మస్తున్నయ్. జైనూర్ దిక్కు అడవిల ఆకులు అలములు తింటున్నరు. ఈడ ఆపి ఆడ ఇద్దాం.”

హనుమండ్లు చెడ్డవాడేం కాదు. జైనూరు గుట్టల్లో ఆయన కళ్లారా చూసొచ్చిన ఆకలి ఆయన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఒకచోట తుడిచి ఇంకోచోట పెట్టడం తప్ప మరో దారి ఆయనకు మాత్రం ఎవరిచ్చారు?

“ఒక్కనాడు ఆగుండ్రి సార్,” అంది బాలలక్ష్మి. “నేను పోయి అడిగొస్త.”

“సరే. ఈ రాత్రి గెస్టుహౌసుల ఉంట. రేపు పొద్దుగాల బడికొస్త. వాళ్లు కనవడితే సరి. కనవడకపోతే నా మీద కోపం పెట్టుకోవద్దు.”

మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా బాలలక్ష్మి వితంతువుల గుడిసెలకు బయల్దేరింది. అవి గనికి పోయే బాట పక్కన, గని గేటుకు కాస్త ఇవతల ఉంటాయి. మొగుడు బతికి ఉన్నంతకాలం కార్మికుల ఇళ్ల లైన్లో ఉంటారు. మొగుడు పోయాక ఆ ఇల్లు ఇంకొకరికి వెళుతుంది, వీళ్లు ఇక్కడికి వచ్చి తడికెలు కట్టుకుంటారు. బడి మాత్రం లైన్ల దగ్గరే ఉంది. అంటే గుడిసెల్లోంచి బడికి రావాలంటే గని బాటమీద వెనక్కి నడిచి రావాలి. ఈ సంగతి బాలలక్ష్మి చూస్తూనే ఉంది, కానీ దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. చూడడం వేరు, ఆలోచించడం వేరు కదా.

మొదటి గుడిసెలో కొమురవ్వ తన మేక ఈనిందంది. మేక ఎక్కడా కనిపించలేదు. రెండో గుడిసెలో సారక్క మోకాళ్ల నొప్పులంది, అంటూనే గబగబా లేచి బిందె అందుకుని పోయింది. మూడో గుడిసె లస్మవ్వది. ఆమె గుమ్మంలో కూర్చుని మోదుగాకులకు పుల్లలు గుచ్చి విస్తళ్లు కుడుతోంది. నలభై ఏళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. సాయంత్రం బడి నడిచిన రోజుల్లో అందరికంటే ముందొచ్చి చాపలు పరిచేది, అందరికంటే చివర వెళ్లేది. ఆమె మొగుడు గట్టయ్య మీద గనిలో పై బండ పడింది. ఆ తర్వాత గట్టయ్య సంగతి ఆమె ఎవరి దగ్గరా ఎత్తలేదు.

“నువ్వు గూడ ఏదన్న మేక సంగతి చెప్తవా లస్మవ్వా?” అంది బాలలక్ష్మి, నిలబడే.

“నాకు మేక యాడుంది బిడ్డా.”

“మరెందుకు వస్తలేవు?”

“జర పని ఎక్కువైంది.”

బాలలక్ష్మికి ఒళ్లు మండింది. ఆకలి ఒకవైపు, ఎండ ఒకవైపు, వెనక గెస్టుహౌసులో హనుమండ్లు సారు.

“పొద్దటి సంది నిన్ను వెనకేసుకొచ్చిన. లస్మవ్వకు చదువంటే పానం అని సారుకు చెప్పిన. ఇయ్యాల ఆయన ముందర నా మొఖం ఏడ పెట్టుకోవాలె? మీకు జొన్నలు గావాలె కని బడి అక్కరలేదు. ఆయన చెప్పిందే ఖరారైతది. రేపు ఎత్తేస్తడంట!”

లస్మవ్వ చేతిలో పుల్ల ఆగింది. ఆ మాట ఆమెకు ఎంత గుచ్చుకుందో ముఖంలో కనిపించింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే గని సైరన్ కూసింది. రెండో షిఫ్టు దిగే వేళ.

లస్మవ్వ చెప్పబోయిన మాట అలాగే మింగేసి, విస్తళ్లు ఒళ్లోంచి జారిపోతున్నా చూడకుండా లేచింది. బాలలక్ష్మి చెయ్యి పట్టి లోపలికి లాగింది. తడికె తలుపు మూసి, దానికి వీపు ఆనించి కింద కూర్చుంది.

“ఏమైంది?” అంది బాలలక్ష్మి కంగారుగా.

“ష్. షిఫ్టోళ్లను పోనీ.”

బయట చెప్పుల చప్పుడు వచ్చింది. మగవాళ్ల మాటలు, దగ్గులు, ఎవడో ఎవడినో ఆటపట్టించడం. ఒకడు నవ్వాడు. చీకటి గుడిసెలో తడికె సందుల్లోంచి వాళ్ల నీడలు ఇద్దరి మీదుగా కదిలిపోయాయి. అందరూ పోయాక కూడా లస్మవ్వ ఇంకాసేపు అలాగే ఉంది, ఆలస్యంగా పరుగెత్తే వాళ్లు ఒకరిద్దరు ఉంటారని. అనుకున్నట్టే ఒకడు పరుగెత్తాడు. ఆ తర్వాత ఊపిరి వదిలింది.

“షిఫ్టు పోయేటప్పుడు మేం బయటికి రాం బిడ్డా,” అంది నెమ్మదిగా. “బాయిల దిగేటోనికి ముండమోసిన మనిషి ఎదురు రావద్దు. వచ్చిందంటే ఆనాడు లోపట ఏదైతె అది మా మీదికొస్తది.”

గనిని వాళ్లు బాయి అంటారు. అందులో నీళ్లకోసం దిగినట్టే రోజూ దిగుతారు.

“భూమవ్వ పేరు ఎప్పుడన్న ఇన్నవా?” అంది లస్మవ్వ. “నువ్వు రాకముందుది. తెల్లారంగ నల్లా కాడికి పోయి వస్తుంటె షిఫ్టు ఎదురైంది. ఆనాడే ఒక పిలగాడు బండ కింద పడ్డడు. ఎవలు కొట్టలే, ఎవలు తిట్టలే. నల్లా కాడ దాని బిందె వంతు రానియ్యలే, గంతే. దుకాణపోడు ఉప్పు గూడ చేతికియ్యకపోయె. కింద పెడితే తీస్కునేది. ఆఖరుకు చెప్పకుంటనే పోయింది.”

బాలలక్ష్మికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. సాయంత్రం బడి జరిగే వేళకు రెండో షిఫ్టు ఎప్పుడో దిగిపోయి ఉంటుంది, పైకి రావడానికి ఇంకా చాలాసేపు ఉంటుంది. ఆ వేళ బాట ఖాళీ. ఈ ఆడవాళ్లు తలెత్తుకుని నడవగలిగిన ఒకే ఒక్క వేళ అది. దాన్ని తీసేసి, సరిగ్గా మొదటి షిఫ్టు గనికి నడిచే వేళకు తెచ్చిపెట్టింది తనే. ట్రైనింగులో బుర్ర గురించి చెప్పారు గానీ బాట గురించి ఎవరూ చెప్పలేదు.

“నాకెందుకు చెప్పలేదు?” అంది.

“ఏమని చెప్పాలె? నువ్వు ముత్తైదువవు.”

“లస్మవ్వా, నిజం చెప్పు. జొన్నల కోసమే వచ్చినవా అన్ని దినాలు?”

లస్మవ్వ కొంచెం నవ్వింది. “మొదాలు జొన్నలకే వచ్చిన. అబద్ధమెందుకు? కని మల్ల... ఆడ చాప మీద కూసుంటే నన్నెవలు జరుగుమనకపోదురు. నువ్వు నా చెయ్యి పట్టి అక్షరం దిద్దిస్తివి. మా ఆయన పోయినంక నా చెయ్యి పట్టుకున్న మనిషి నువ్వే.”

బాలలక్ష్మి ఏడ్చింది. ఇంతకుముందు నోరు పారేసుకున్నందుకు సిగ్గుతో, ఆ మనిషి మీద పొంగుకొచ్చిన ప్రేమతో ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, మళ్లీ టీచరమ్మ అయిపోయింది.

“ఇవన్ని ఉత్త భ్రమలు లస్మవ్వా. ఎదురొస్తే బండ పడ్తదా? నేను నమ్మ.”

“నమ్మవా?”

“నమ్మనంటే నమ్మ.”

“అయితె రేపు పొద్దుగాల నేను బయలెల్లుత,” అంది లస్మవ్వ. “ముందుగాల వచ్చేది ఎవరో ఎరుకేనా? నీ సారయ్యనే. బొగ్గు టబ్బులు తోసేటోళ్లు అందరికన్న ముందు దిగుతరు. నేను అచ్చం ఆయన మొఖానికే ఎదురొస్త. రమ్మంటవా?”

బాలలక్ష్మి చెయ్యి దానంతట అది మెడ దగ్గరికి వెళ్లి పుస్తెలు పట్టుకుంది.

లస్మవ్వ ఆ చెయ్యి చూసింది. గెలిచానన్న సంతోషం ఆమెలో లేదు. కిందపడ్డ విస్తళ్లు ఒక్కొక్కటే ఏరుకుంది.

“గంతే బిడ్డా. నిన్నేమంటలే. ఇన్ని దినాలు నేను రానిది గూడ అందుకే. సారయ్య మంచి పోరడు. నా ఎదురు ఆయనకెందుకు?”

బాలలక్ష్మి అక్కణ్నించి తిన్నగా గెస్టుహౌసుకు వెళ్లి హనుమండ్లు సారుకు సంగతి మొత్తం చెప్పింది. ఆయన టీ చల్లారిపోయేదాకా విన్నాడు.

“నా ఎరుకల ఇదొక కారణమని ఎవలూ చెప్పలే,” అన్నాడు చివరికి. “సోమరితనం, అశ్రద్ధ, వలస, ఇవే రాస్తుంటం.”

“మల్ల సాయంత్రానికి మార్చుండ్రి సార్.”

“మార్చుమని అడిగింది నువ్వేనాయె. పైన ఒప్పించి మార్పించిన. ఖాళీ బడికి మల్ల టైము మార్చుమంటె పైనోళ్లు నన్ను నవ్వుతరు. ఒక్కటి చెయ్యి. రేపు ఒక్క పొద్దు వాళ్లను తీస్కరా. ఆడ కూసున్నోళ్లను నా కండ్లతోని చూస్త. చూసినంక సాయంత్రం బడి నా జిమ్మా. జొన్నలు గూడ నా జిమ్మా.”

ఒక్క పొద్దు. ఆ ఒక్క పొద్దు నడవాల్సిన బాట ఏదో, ఆ బాటన ముందు వచ్చేదెవరో బాలలక్ష్మికి తెలుసు.

దీపాలు పెట్టే వేళకు సారయ్య స్నానం చేసి అన్నానికి కూర్చున్నాడు. ఎంత తోమినా గోళ్లలో నలుపు పోదు. బాలలక్ష్మి వడ్డిస్తూ అంతా చెప్పింది, తన చెయ్యి మెడ దగ్గరికి పోయిన సంగతి తప్ప. అది ఎలా చెబుతుంది?

“నాకు రోజు పొద్దున లేవంగనే నువ్వు ఎదురొస్తున్నవ్,” అన్నాడు సారయ్య. “గంతకన్న పెద్ద గండముంటదా?”

ఆమె నవ్వలేదు. అతను పచ్చడి కలుపుతున్న చెయ్యి ఆపాడు.

“చూడు బాలా. లోపట దిగినంక పైన బండ ఎప్పుడు పడ్తదో ఎవనికెరుక? దాన్ని మనం ఆపలేం. అందుకే ఎదురో, తుమ్మో, ఏదన్న ఒకదాని మీద పెడ్తరు. గది తప్పిచ్చుకుంటే పైలంగ వస్తమని ధైర్యం. వాళ్లను తిట్టకు. కని లస్మవ్వ మొగడు గట్టన్న నాకు టబ్బు తోసుడు నేర్పిన మనిషి. ఆయన పెండ్లాం తడికె మూసుకొని కూసుంటున్నదా నేను పోతుంటే?”

“మరేం జేద్దాం?”

“రమ్మను,” అన్నాడు. “నువ్వే పోయి తీస్కరా.”

ఆ మాట అతను ఎంత తేలిగ్గా అన్నాడో ఆమెకు అంత బరువైంది. కాదనమని లోపల్లోపల ఎంత వేడుకుందో నాకు తెలుసు. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు.

పొద్దున ఇంకా పూర్తిగా తెల్లవారకముందే బాలలక్ష్మి గుడిసెల దగ్గరికి వచ్చింది. లస్మవ్వ రానంది. కొమురవ్వ లేని మేకను మళ్లీ తలుచుకుంది. బాలలక్ష్మి వాదించలేదు. లస్మవ్వ చెయ్యి పట్టుకుంది, అక్షరం దిద్దించేటప్పుడు పట్టుకున్నట్టే.

“మా ఆయనే రమ్మన్నడు,” అంది. “గట్టన్న పెండ్లాం తలుపు మూసుకోవద్దన్నడు.”

లస్మవ్వ కొంగు తలమీదికి లాక్కుంది. కాలు బయటపెట్టింది. ఆమె కదలడం చూసి మిగతా వాళ్లూ ఒకరి కొంగు ఒకరు పట్టుకుని వెనక నడిచారు. సైరన్ కూసింది. ఎన్నో ఏళ్లుగా ఆ కూత వినగానే లోపలికి పోయిన ఆడవాళ్లు ఆవేళ బాటమీద ఉన్నారు.

మలుపులో మగవాళ్లు కనిపించారు. కనిపించి ఆగిపోయారు. మాటలు బందయ్యాయి. కొందరు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. మేస్త్రీ రాయమల్లు, మీసాలు నెరిసిన పెద్దమనిషి, “ఏందిది పంతులమ్మా, పొద్దుగాల్నే మమ్ముల పరేషాన్ జేస్తున్నవ్!” అని గదిమి, బాట దిగి ఒక రాయి మీద కూర్చున్నాడు. చెడు ఎదురైతే కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. అలా చేస్తే దోషం పోతుందని వాళ్ల నమ్మకం. మరికొందరు ఆయన పక్కనే చేరారు.

సారయ్య ఆగలేదు. నడుముకు దీపం వేలాడుతుండగా తిన్నగా వచ్చాడు. లస్మవ్వ బాట పక్కకు ఒదిగిపోబోతే బాలలక్ష్మి చెయ్యి వదల్లేదు.

“బడికా వదినే?” అన్నాడు సారయ్య.

వదిన అన్న పిలుపు లస్మవ్వ ఎంతకాలం తర్వాత విందో. “బడికే అయ్యా,” అంది, వినీ వినపడనట్టు.

“మంచిగ నేర్సుకో. ఇంట్ల ఈమె పాఠాలు నేనొక్కణ్ణే వింటున్న.”

అని నవ్వి గేటువైపు వెళ్లిపోయాడు. అతని వెనక కుర్రవాళ్లు కొందరు తలలు దించుకుని కదిలారు. బాలలక్ష్మి వెనక్కి తిరిగి చూడకూడదనుకుంది. అయినా తిరిగి చూసింది. అతను అప్పటికే గేటు దాటాడు.

ఆ పొద్దు చాపలు నిండాయి. హనుమండ్లు సారు ఒక మూల కూర్చుని అందర్నీ పేరుపేరునా పలకరించాడు. లస్మవ్వ పుస్తకంలో వేలు పెట్టి ‘వల’ అని చదివింది, ‘తల’ అని చదివింది. పక్క పేజీలో ‘తలుపు’ దగ్గర ఆగి, కూడబలుక్కుని, చదివేసి సంబరంగా తలెత్తింది. సారు కూడా చప్పట్లు కొట్టాడు.

“ఇగ ఫికర్ జెయ్యకుండ్రి,” అన్నాడు జీపెక్కుతూ. “రేపటి సంది సాయంత్రమే బడి. జొన్నలు యాడికి పోవు.”

జీపు పోయింది. ఆడవాళ్లు లేచిపోవడానికి ఇష్టపడలేదు. ఆ వేళ తాము షిఫ్టుకు ఎదురొచ్చామన్న సంగతి వాళ్లకే నమ్మకం కలగడం లేదు. రాయమల్లు రాయి మీద కూర్చున్న తీరు కొమురవ్వ అనుకరించి చూపిస్తే కడుపు పట్టుకుని నవ్వారు. బాలలక్ష్మి కూడా చాన్నాళ్లకు హాయిగా నవ్వింది.

ఆ నవ్వుల్లో సైరన్ కూసింది.

అది షిఫ్టు వేళ కాదు. షిఫ్టు సైరన్ ఒకసారి కూసి ఆగిపోతుంది. ఇది ఆగలేదు. కూస్తూనే ఉంది. చాపల మీద ఒక్కరూ కదల్లేదు. ఈ కూత వాళ్లందరికీ తెలుసు. ఇది విన్న రోజునే వాళ్లు ఈ బడికి రావలసినవాళ్లయ్యారు.

బయట లైన్లలోంచి ఆడవాళ్లు గేటువైపు పరుగెత్తుతున్నారు. వాళ్లలో ఒకరి గొంతు లోపలికి వినిపించింది. “పొద్దుగాల్నే ముండలందరు గుంపుగట్టి ఎదురొస్తే ఇంకేమైతది!”

లస్మవ్వ లేచింది. తెల్లబోయిన ముఖంతో, అలవాటైన చేత్తో తలుపు మూయబోయింది.

“ముయ్యకు లస్మవ్వా,” అంది బాలలక్ష్మి.

లస్మవ్వ చెయ్యి తలుపు మీదే ఆగింది. ఆమె చూపు బాలలక్ష్మి మెడ మీద పడింది. పుస్తెలు పిడికిట్లో బిగుసుకుని ఉన్నాయి. గేటువైపు పరుగెత్తడానికి బాలలక్ష్మి లేచి గుమ్మం దాకా వచ్చింది.

అప్పుడు బాటమీద ఒక మనిషి వస్తూ కనిపించాడు. అందరూ గేటు వైపు పోతుంటే అతనొక్కడే ఇటు వస్తున్నాడు. మేస్త్రీ రాయమల్లు. తలపాగా లేదు, ముఖమంతా బొగ్గుపొడి. పొద్దున ఈ ఆడవాళ్ల ఎదురు తప్పించుకోవడానికి రాయి మీద కూర్చున్న మనిషి, ఇప్పుడు తిన్నగా వాళ్ల గుమ్మంలోకే వచ్చి నిలబడ్డాడు. బాలలక్ష్మిని చూశాడు. పుస్తెలు పట్టుకున్న ఆమె చెయ్యి చూడగానే చూపు దించుకున్నాడు.

“లస్మవ్వా,” అన్నాడు, “జర నువ్వు బయటికి రా.”